పాత ఆర్‌పీజీలను కొత్త కన్సోల్‌లో మళ్లీ ఆడొచ్చా?

"ఎప్పుడో ఆడిన ఆర్‌పీజీలు కొత్త కన్సోల్‌కి మళ్లీ వస్తున్నాయి, ఇప్పుడు ఆడితే నచ్చుతాయా?" అన్నది ప్రశ్న. ఆర్‌పీజీ అంటే పోరాటాలతో పాత్రల బలం పెంచుకుంటూ కథలో ముందుకెళ్లే గేమ్. చాలావరకు నచ్చుతాయి. కాకపోతే అది ఏ రకం రీ-రిలీజో ముందే చూసుకోవాలి.

1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7 అనే ఆర్‌పీజీ 2019లో నింటెండో స్విచ్ కన్సోల్‌కి వచ్చింది. అది పాత గేమే, కొత్త మెషీన్‌లో నడుస్తుందంతే. పాత్రలు స్పష్టంగా కనిపిస్తాయి కానీ, వెనక దృశ్యాలు అప్పటి తక్కువ రిజల్యూషన్ బొమ్మలే కావడంతో మసగ్గా ఉంటాయి. పెద్ద టీవీలో ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. గేమ్‌ని మూడు రెట్ల స్పీడుతో నడిపే సౌకర్యం మాత్రం నిజంగా వరం.

పిక్సెల్ రీమాస్టర్లు, అంటే పాత ఫైనల్ ఫాంటసీలని పాత తరహా బొమ్మలతోనే కొత్తగా మళ్లీ తయారుచేసినవి, ఇంకో రకం. 1987 నాటి మొదటి ఫైనల్ ఫాంటసీలో ఇద్దరు ఒకే శత్రువుని ఎంచుకుని, మొదటివాడి దెబ్బకే అది చచ్చిపోతే రెండోవాడి దెబ్బ గాలికి పోయేది. ఇప్పుడది దానంతటదే పక్క శత్రువు మీదికి మళ్లుతుంది. కన్సోల్ వెర్షన్లలో, పోరాటాల్లో వచ్చి లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు నాలుగు రెట్లు పెంచుకోవచ్చు, దారిలో ఎదురయ్యే పోరాటాలు ఆపేయొచ్చు, పాత సంగీతమే పెట్టుకోవచ్చు.

ఈ సౌకర్యాలన్నీ మొదట్నుంచే ఆన్ చేయకండి. పోరాటాలు ఆపేసుకుంటూ పోతే లెవెల్ పెరగదు, బాస్ (బలమైన పెద్ద శత్రువు) దగ్గర చిక్కుపడతారు. నాలుగు రెట్లు పెట్టేస్తే ఏ బాస్‌కీ ఆలోచించాల్సిన పనే ఉండదు, అప్పుడు మిగిలేది కథే. తెలిసిన కథైతే అదీ బోరే. ఒకసారి చూసేసిన గుహలోంచి వెనక్కి నడవాల్సి వచ్చినప్పుడు మాత్రం మొహమాటం లేకుండా పోరాటాలు ఆపేయండి.