సూదీ దారం: బట్టల కొట్టు మేడమీద కుట్టు క్లాసులు

ప్రశ్న: మాది తణుకు. నాకు ముప్పై నాలుగేళ్లు. ఇంటికి దగ్గర్లో ఉన్న మ్యాచింగ్ సెంటర్ వాళ్లు పై అంతస్తులో కుట్టు క్లాసులు పెట్టారు. మూడు నెలలకు ఐదు వేలు, రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. గుడ్డ, లైనింగు, దారం అన్నీ వాళ్ల దగ్గరే కొనాలట. అదంతా వాళ్ల గుడ్డ అమ్ముకోవడానికే, యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవచ్చు కదా అని మావారు అంటున్నారు. నా జాకెట్లు, మా పాప పరికిణీలు నేనే కుట్టుకోవాలని ఎప్పటినుంచో కోరిక. చేరమంటారా? మిషన్ ముందే కొనాలా? — ఒక పాఠకురాలు

జవాబు: చేరండమ్మా. గుడ్డ అమ్ముకోవడానికే క్లాసులు పెట్టారన్న మీవారి మాట నిజమే అయి ఉండొచ్చు. అయినా చేరమనే అంటాను, అదీ ఆ గుడ్డ కోసమే. నేను రాజమండ్రిలో ఇలాంటి కొట్టు మేడమీదే ఏళ్ల తరబడి నేర్పాను. మిషన్ తొక్కడం ఎక్కడ కూర్చున్నా వస్తుంది. గుడ్డ గుణం చేతికి తెలియాలంటే మాత్రం తానుల మధ్య తిరగాలి. వీడియోలో కత్తెర ఎటు నడుస్తోందో కనిపిస్తుంది గానీ రూబియా ఎంత మెత్తగా ఉంటుందో, క్రేప్ వేళ్ల కిందనుంచి ఎలా జారిపోతుందో తెలియదు. క్లాసు అయ్యాక పది నిమిషాలు కింద కొట్లో ఆగండి. కొనకపోయినా పట్టుకుని చూడండి.

మొదటి వారంలోనే చేయాల్సిన పని ఒకటి చెబుతాను. పాప్లిన్ కొలిచాక కౌంటర్లో కుర్రాడు అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి పర్రుమని చింపేస్తాడు, చూసే ఉంటారు. ఆ చిరుగు అడ్డపోగు వెంటే పోతుంది కాబట్టి తిన్నగా వస్తుంది. కత్తెరతో కోసి ఇచ్చిన గుడ్డ ఒక్కోసారి వంకరగా ఉంటుంది. అప్పుడు ఒక పోగు లాగి, ఆ గీత వెంట సరిచేసుకున్నాకే కొలతలు పెట్టాలి. ఇప్పుడు ఆ పాప్లిన్ ముక్కను రెండు చేతులతో అంచు వెంబడి నిలువుగా లాగండి. దాదాపు సాగదు. అడ్డంగా లాగితే కొంచెం సాగుతుంది. మూలగా, అంటే క్రాస్‌గా లాగితే బాగా సాగుతుంది. జాకెట్టు ముందు భాగం చాలామంది క్రాస్‌లో ఎందుకు కోస్తారో ఆ మూడో లాగుడులో తెలిసిపోతుంది. మెడకు వేసే పైపింగు పట్టీ కూడా అంతే. నిలువుగా కోసిన పట్టీ మెడ వంపు దగ్గర ముడతలు పడి లేచి నిలబడుతుంది. క్రాస్ పట్టీ వంపుతో పాటు ఒదిగిపోతుంది. ఈ సంగతి చేత్తో తెలుసుకున్న మనిషికి సగం కటింగ్ వచ్చినట్టే.

ఇక లైనింగు. కొన్న రోజే కత్తెర పెట్టకండి. నూలు లైనింగు నీళ్లలో బాగా నానబెట్టి, గట్టిగా పిండకుండా నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కోయాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే లైనింగు కుంచించుకుపోతుంది, పై గుడ్డ ఉబ్బెత్తుగా నిలబడుతుంది. వందల రూపాయల గుడ్డ, రెండు రోజుల కష్టం పోయాయని కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్లల్ని చూశాను నేను. లైనింగు తడపమని మొదటి జాకెట్టుకే చెప్పే టీచరు దొరికితే ఐదు వేలు ఎక్కువని అనుకోకండి.

అయితే డబ్బు కట్టే ముందు ఒక రోజు ఊరికే కూర్చుని చూస్తానని అడగండి. ఎన్ని మిషన్లున్నాయో, ఎంతమంది నేర్చుకుంటున్నారో లెక్క చూసుకోండి. పదిహేను మందికి మూడే మిషన్లయితే ఆ రెండు గంటల్లో మీ వంతుకు వచ్చేది ఇరవై నాలుగు నిమిషాలు. అంతకంటే ముఖ్యం కటింగ్ ఎలా చెబుతున్నారన్నది. బోర్డు మీద 32, 34, 36 సైజుల చార్టు రాసి దించుకోమంటే చాలదు. ఛాతీ 36 అంగుళాలైతే నాలుగో వంతు 9, దానికి వదులు, కుట్టుకు మార్జిన్ కలపాలి, ఇంతవరకు ఎవరికైనా ఒకటే లెక్క. కానీ ఛాతీ 36 ఉన్న ఇద్దరి భుజాలు ఒకలా ఉండవు, చంక లోతు ఒకలా ఉండదు. అందుకని ఎవరి కొలతలు వాళ్లు తీసుకుని, ముందు న్యూస్‌పేపరు మీద గీసి, ఆ పేపరు ఒంటికి ఆనించి చూపించే క్లాసు మంచి క్లాసు. ఆది జాకెట్టు పరిచి గీసుకోవడం త్వరగా వస్తుంది, కాదనను. కాకపోతే పాతదాంట్లో ఉన్న లోపం కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది. భుజం జారే ఆది జాకెట్టు పెట్టి కోస్తే మళ్లీ భుజం జారేదే తయారవుతుంది.

గుడ్డ వాళ్ల దగ్గరే కొనాలన్న షరతుకు భయపడకండి. ఏ రకం, ఎన్ని మీటర్లు, ఏ రేటు అన్నది మొదటిరోజే కాగితం మీద రాయించుకోండి. నేర్చుకునేటప్పుడు పాప్లిన్, కట్ పీసులు చాలు. పట్టు, జార్జెట్ కొనమంటే తర్వాత చూస్తానని చెప్పేయండి.

ముందు దారం ఎక్కించకుండా రూళ్ల కాగితం మీద గీతల వెంట కుట్టండి, తర్వాత గుండ్రాలు. ఆ తర్వాత దిండు గలీబు, ఆరు ముక్కల లంగా, పాపకు గౌను. మీ పాప పరికిణీ మీ జాకెట్టు కంటే ముందే వచ్చేస్తుంది. కుచ్చిళ్లు సమానంగా పెట్టడం, నడుము పట్టీ వేయడం, అంచు మడవడం వస్తే చాలు. పెరిగే పిల్ల కదా, లోపలివైపు రెండు మూడు అంగుళాల మడత వేసి పెద్ద కుట్టు వేయండి. పొడుగు చాలనప్పుడు విప్పుకోవచ్చు. జాకెట్టుకైనా పక్క కుట్ల దగ్గర ఒకటిన్నర అంగుళం లోపల వదలండి. రేపు ఒళ్లు చేస్తే ఆ జాకెట్టే పనికొస్తుంది.

మిషన్ మొదటి నెల కొనకండి. కాలు మిషన్ మీదా, మోటారు మిషన్ మీదా కూర్చుని చూశాక మీకే తెలుస్తుంది ఏది కావాలో. కాలు మిషన్ అయితే మొదట మిషన్ పాదం, అంటే గుడ్డను నొక్కిపట్టే ముక్క, పైకెత్తి, దారం లేకుండా ఊరికే తొక్కండి. పైచక్రం మీ వైపుకే తిరగాలి. వెనక్కి తిరిగితే దారం చిక్కుపడి తెగుతుంది. సూది మామూలు నూలు గుడ్డకు 14 నంబరు, పల్చటి క్రేప్, జార్జెట్‌లకు 11, జీన్స్ లాంటి మందపు గుడ్డకు 16. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తుంటే అందరూ కింది దారం ఉండే బాబిన్ కేసు స్క్రూ తిప్పుతారు. దాని జోలికి పోకండి. పాదం పైకెత్తి పైదారం మళ్లీ మొదటినుంచి ఎక్కించండి, చాలాసార్లు అక్కడే సరిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. కుట్టు నేర్చుకుంటానంటోంది. దగ్గర్లో ఉన్న గుడ్డల షాపు మూసేశారట. ఇక్కడినుంచి మోటారు మిషన్ పంపనా? — ఒక తల్లి, భీమవరం

జవాబు: పంపకండి. మన మోటారు 230 వోల్టులది, అక్కడి కరెంటు 120. అక్కడ జోయాన్ అనే పేరున్న గుడ్డల షాపులన్నీ 2025లో మూతపడ్డాయి, మీ అమ్మాయి చెప్పింది దాని గురించే అయి ఉంటుంది. అక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో కుట్టు మిషన్లు పెట్టి వాడుకోనిస్తున్నారు, ముందు అక్కడ అడగమనండి. మీరు పంపాలనుకుంటే తడిపి ఆరబెట్టిన లైనింగు, సరిగ్గా అమరే ఆది జాకెట్టు ఒకటి పంపండి. రెండూ అక్కడ దొరకడం కష్టం.

ప్రశ్న: నాకు ఇరవై మూడేళ్లు, డిగ్రీ అయింది. టైలరింగ్ నేర్చుకుని షాపు పెట్టాలని ఉంది. మా ఊళ్లో బట్టల కొట్టు క్లాసులకు వెళితే ఆడవాళ్లకే అన్నారు. వేరే దారి ఉందా? — ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఉంది బాబూ, ఒకటి కాదు. ఐటీఐల్లో సూయింగ్ టెక్నాలజీ అని ఏడాది కోర్సు ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజనం, వసతితో ఉచితంగా నేర్పుతారు. మీ జిల్లా సంస్థకు వెళ్లి మగవాళ్ల టైలరింగ్ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. శిక్షణలో రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, తక్కువ వడ్డీకి లోను ఇస్తారు. అయితే అది ఇప్పటికే ఆ పని చేసుకుంటున్నవాళ్ల కోసం పెట్టింది. మీరు పని మొదలుపెట్టాక దరఖాస్తు చేసుకోండి.

వీటితో పాటు సాయంత్రం పూట మీ ఊళ్లో మంచి కటింగ్ మాస్టర్ పక్కన కూర్చోండి. మొదట కాజాలు, గుండీలు, హెమ్మింగ్ చేయిస్తారు. డిగ్రీ చదివి ఇదేం పని అనుకోకండి, చేతికి నిదానం వచ్చేది అక్కడే. చొక్కా కాలరు, ప్యాంటు జిప్పు, పక్కజేబు, ఈ మూడూ ఆయన సాయం లేకుండా కుట్టి ఆయన చేతే బాగుందనిపించుకున్నాక షాపుకు అద్దె గది వెతకండి.