ఒక వ్యవస్థకు రెండు ఇన్‌పుట్‌లు, రెండు అవుట్‌పుట్‌లు ఉంటే రెండు విడి పీఐడీలు (కావలసిన విలువకూ కొలిచిన విలువకూ తేడా చూసి ఇన్‌పుట్‌ను సరిచేసే కంట్రోలర్లు) సరిపోతాయా?

కొన్నిసార్లు సరిపోతాయి. ఒక లూప్ (ఒక పీఐడీ, దానికి అప్పగించిన ఇన్‌పుట్-అవుట్‌పుట్ జత) రెండోదాన్ని ఎంత కదిలిస్తోందో ముందు చూడాలి.

60 డిగ్రీల వేడినీళ్లు, 20 డిగ్రీల చన్నీళ్లు కలిసే పైపు తీసుకోండి. ఏ వాల్వు తిప్పినా ప్రవాహమూ మారుతుంది, ఉష్ణోగ్రతా మారుతుంది. 1966లో బ్రిస్టల్ అనే ఇంజనీరు ప్రతిపాదించిన రిలేటివ్ గెయిన్ (రెండో లూప్ ఆపి ఉన్నప్పుడు ఒక వాల్వు చూపే ప్రభావాన్ని, రెండో లూప్ నడుస్తున్నప్పటి ప్రభావంతో భాగిస్తే వచ్చేది) లెక్క వేస్తే, 30 డిగ్రీల దగ్గర ప్రవాహం-చన్నీళ్ల జతకు 0.75, ప్రవాహం-వేడినీళ్ల జతకు 0.25 వస్తాయి. 1కి దగ్గరున్న జతే మేలు. కాబట్టి ప్రవాహాన్ని చన్నీళ్ల వాల్వుకీ, ఉష్ణోగ్రతను వేడినీళ్ల వాల్వుకీ అప్పగించాలి. అదే 50 డిగ్రీలు కావాలంటే జతలు తారుమారవుతాయి! 40 దగ్గర అన్నీ 0.5, విడి పీఐడీలు ఒకదానితో ఒకటి పెనుగులాడేది అక్కడే. అప్పుడు డీకప్లర్ (ఒక లూప్ ప్రభావం రెండోదానిపై పడకుండా మోడల్ సాయంతో ముందే సర్దేది) పెట్టండి, లేదా వాల్వుల హద్దుల్ని కూడా లెక్కలోకి తీసుకునే ఎంపీసీకి (మోడల్‌తో ముందుచూపు లెక్క వేసి అన్ని వాల్వుల్నీ కలిపి నడిపే కంట్రోలర్‌కి) వెళ్లండి.

ఈ విలువలు 10, 20 లాగా పెద్దవిగా వస్తే మాత్రం డీకప్లర్ జోలికి పోవద్దు. మోడల్లో చిన్న తప్పున్నా కొంప ముంచుతుంది.