దుబాయ్ నుంచి వేప్ తెచ్చుకుంటే కేసు అవుతుందా?

ప్రశ్న: లాయర్ అన్నా, మాది ప్రొద్దుటూరు. దుబాయ్‌లో పని చేస్తున్నా. సిగరెట్ మానేద్దామని ఇక్కడ వేప్ మొదలుపెట్టినా. వచ్చే నెల చెల్లెలి పెళ్లికి బెంగళూరులో దిగి, బస్సులో ఇంటికి వస్తా. వేప్‌ను ఏ బ్యాగులో పెట్టుకుంటే సేఫ్? స్నేహితులు కూడా తెమ్మంటున్నారు, ఓ అయిదు తెస్తే ఇబ్బందా? మన దగ్గర తాగడం నేరం కాదని ఒకాయన చెప్పినాడు, నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ఏ బ్యాగు అన్నది తర్వాత చూద్దాం. నన్నడిగితే అసలు తేవద్దు, అక్కడే వదిలేసి రా.

వేప్ అన్నా ఈ-సిగరెట్ అన్నా చట్టం దృష్టిలో ఒకటే. మన దేశంలో ఈ-సిగరెట్లను 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ తెచ్చి నిషేధించారు, అదే ఏడాది డిసెంబరులో అది చట్టమైంది. ఆ ఒకాయన చెప్పింది సగం నిజం. చట్టంలోని 4వ సెక్షన్ తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నింటినీ నిషేధించింది గానీ 'వాడకం' అన్న మాట అందులో లేదు. సరే, మరి దుబాయ్‌లో ఉన్న వేప్ ప్రొద్దుటూరుకు ఎట్లా వస్తుంది? బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లిలో విమానం దిగితే దిగుమతి, మదనపల్లె బస్సెక్కితే రవాణా. సొంతానికైతే పర్లేదు అనే మినహాయింపు ఆ సెక్షన్‌లో ఎక్కడా రాయలేదు. జేబులో ఒక్కటి పెట్టుకుంటే అది రవాణా ఎట్లా అవుతుందని వాదించొచ్చు, అవసరమైతే నేనే వాదిస్తా, కాకపోతే ఆ వాదన వినేది కోర్టులో జడ్జిగారు, బస్సు ఆపి బ్యాగు తెరిపించే ఎస్సై కాదు.

నికోటిన్ లేనిదైతే సరేనా అని కూడా కొందరు అడుగుతుంటారు. సరికాదు. నికోటిన్ ఉన్నా లేకున్నా, వేడిచేసి ఆవిరి పీల్చే పరికరమైతే చట్టం కిందికే వస్తుంది. విప్పి పాడ్‌లు (లిక్విడ్ ఉండే డబ్బీలు) ఒక బ్యాగులో, పరికరం ఇంకో బ్యాగులో పెట్టినా లాభం లేదు, విడిభాగాలకూ నిషేధం ఉందని అందులోనే రాసుంది. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, దాంతోపాటు 5 లక్షల వరకు జరిమానా.

ఇక స్నేహితుల సంగతి. గల్ఫ్ నుంచి మనోడు వస్తున్నాడంటే చాలు, అత్తరు, టైగర్ బామ్ అంటూ ఊర్లో ప్రతివాడూ చీటీ రాస్తాడు, ఇప్పుడు వేప్ కూడా ఆ చీటీలోకి ఎక్కినట్టుంది. కానీ అయిదు తెస్తే సొంతానికి అన్న మాట ఎవరూ నమ్మరు. ఒక్కొక్కరి దగ్గర ఫోన్‌పేలో డబ్బు వేయించుకున్నావంటే అది అమ్మకమే, 'నాకు మింట్ ఫ్లేవర్ తే మామా' అన్న వాట్సాప్ మెసేజే నీ మీద సాక్ష్యం. పెళ్లి హడావుడిలో ఎవరూ తీసుకోలేదని ఇంట్లో బీరువాలో పెట్టావనుకో, 5వ సెక్షన్ చూడు: తెలిసి తన ఇంట్లో సరుకు నిల్వ పెట్టనిచ్చిన యజమాని మీద కేసు. ఇల్లు మీ నాయన పేరు మీద ఉంటే ఇరుక్కునేది ఆయన. దానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

బ్యాగు ప్రశ్నకు జవాబు. వేప్ చట్టబద్ధమైన రెండు దేశాల మధ్య ప్రయాణమైతే అది హ్యాండ్ లగేజీలోనే ఉండాలి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, విమానంలో ఛార్జింగ్ పెట్టకూడదు. లోపలుండేది లిథియం బ్యాటరీ, అది అంటుకుంటే క్యాబిన్‌లో అయితే సిబ్బంది ఆర్పగలరు, కింద సామాన్ల గదిలో ఎవరు చూస్తారు? మన ఎయిర్‌లైన్స్ చాలావరకు రెండు చోట్లా వద్దంటాయి. టికెట్ చవకని దోహా మీదుగా వద్దామనుకుంటే ఖతార్‌లోనూ నిషేధమే. ఎప్పుడైనా బ్యాంకాక్ టూర్ అనుకున్నా అంతే, థాయ్‌లాండ్‌లో కూడా నిషేధం ఉంది.

రోడ్డు మీద పోలీసులు పట్టుకుంటే టెన్షన్ పడి అక్కడికక్కడే డబ్బులు చేతిలో పెట్టొద్దు. ఈ చట్టం కింద సోదా చేసే అధికారం ఎస్సై, ఆ పై ర్యాంకు వాళ్లకే ఉంది. ఏం తీసుకున్నారో సాక్షుల ముందు రాసే పంచనామా అడుగు, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరం కాబట్టి మామూలుగా అరెస్టు చేయకుండా బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) సెక్షన్ కింద విచారణకు రమ్మని నోటీసు ఇవ్వొచ్చు. నోటీసు వస్తే మాత్రం చెప్పిన రోజుకు వెళ్లాలి, పెళ్లిపనులున్నాయంటే కుదరదు.

సిగరెట్ మానాలన్న ఆలోచన మాత్రం మంచిదే. ఇక్కడున్నన్ని రోజులకు డాక్టర్‌ను అడిగి నికోటిన్ గమ్ చూడు, 1800-11-2356 క్విట్‌లైన్‌కు చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

ఇంత చెప్పినా మర్చిపోయి జేబులో వేసుకుని దిగావనుకో, ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర 'చెప్పాల్సిన సరుకేం లేదు' అనేవాళ్లు పోయే గ్రీన్ ఛానెల్‌లో దూరొద్దు. సిగరెట్లకు 100 వరకు డ్యూటీ లేదు కదా, ఇదీ అంతే అనుకుంటారు చాలామంది, అది వేరు, ఇది నిషేధిత సరుకు. చెప్పకుండా పోతూ దొరికితే జప్తు చేస్తారు, పైగా సరుకు విలువ లేదా 5 వేలు, ఏది ఎక్కువైతే అంతవరకు పెనాల్టీ వేయొచ్చు. సరుకు ఉందని చెప్పేవాళ్ల కోసం ఉన్న రెడ్ ఛానెల్‌కు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పు, కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ కింద 'ఇది మీ దగ్గరే ఉంచండి, తిరిగి పోయేటప్పుడు తీసుకుంటా' అని అడుగు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆ ఆఫీసరు ఇష్టం. ఒప్పుకుంటే రసీదు ఇస్తారు, దాన్ని పాస్‌పోర్టులో పెట్టుకో. తిరుగు ప్రయాణంలో నువ్వు తీసుకోలేకపోతే, దేశం దాటి వెళ్లే ఇంకో ప్రయాణికుడికి రాసిచ్చి తెప్పించుకునే వీలు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది, కాకపోతే దాన్ని విమానం ఎక్కనిస్తారో లేదో ముందే ఎయిర్‌లైన్‌ను అడిగి పెట్టుకో.