కెన్యాలో దిక్కులేని పిల్లల కోసం మిషన్ హోమ్ కట్టాలనుకుంటున్నాం, ముందు ఏం చేయాలి?

వందనాలు. మీ సంఘం, అమెరికాలో ఉన్న మీ బంధువులు కలిసి కెన్యాలోని నకురు నగరం దగ్గర అరవై మంది పిల్లలకు హోమ్ కట్టాలనుకుంటున్నారు, స్థలం కూడా చూశారు, యాకోబు పత్రిక 1:27 వాక్యం రాసి, ఎంతవుతుంది అని అడిగారు. నేను 2009 నుంచి పదకొండేళ్లు నకురులోనే ఉన్నాను. పూలతోటల కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం, ఆదివారాలు మా చర్చి నడిపే హోమ్ లెక్కలు. 2007 డిసెంబరు ఎన్నికల తర్వాత గొడవల్లో ఇళ్లు కాలిపోయి డేరాల్లో ఉన్న పిల్లల కోసం మొదలుపెట్టిన హోమ్ అది.

ముందే చెప్పేస్తాను, ఇప్పుడు కట్టకండి. 2017 నవంబరులో కెన్యా ప్రభుత్వం కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపేసింది. 2022లో కొత్త పిల్లల చట్టం వచ్చింది. పిల్లల్ని హోమ్‌ల నుంచి కుటుంబాల్లోకి పంపడానికి 2032 దాకా ప్రణాళిక పెట్టుకున్నారు. స్థలం సంగతికొస్తే, విదేశీయులకు లీజు మాత్రమే, అదీ 99 ఏళ్లకు మించి కుదరదు. "అక్కడి పాస్టరుగారి పేరున రాయిద్దాం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి.

కట్టడం అంత కష్టమేమీ కాదు. రేకులు, రాళ్లు, మేస్త్రీలు అన్నీ దొరుకుతాయి. మమ్మల్ని ఏడిపించింది నీళ్లు. బోరు బండి తెప్పించాం, నీళ్లు పడ్డాయి, అందరం పాటలు పాడాం. మూడు వారాలకు ల్యాబ్ రిపోర్టు వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఆరు పైనే ఉంది. నేను పుట్టింది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఆ ఊరి పిల్లలు నవ్వినప్పుడల్లా గోధుమరంగు గారపళ్లు చూస్తూనే ఉన్నాను, అయినా బోరు వేసేముందు నీళ్లు పరీక్ష చేయిద్దామని నాకే తట్టలేదు! నకురు ఉన్న రిఫ్ట్ లోయ అంతా అగ్నిపర్వతాల రాతి నేల, చాలాచోట్ల ఇదే బాధ. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే మన 'నల్గొండ టెక్నిక్' పక్కనున్న టాంజానియాలో వాడి చూశారు. నకురులో కాథలిక్ డయోసిస్ వాళ్లు పశువుల ఎముకల్ని కాల్చిన బొగ్గుతో ఫిల్టర్లు చేయించారు. చివరికి మేం కప్పు మీది వాన నీళ్లు ట్యాంకుల్లో పట్టి తాగడానికీ వంటకీ వాడాం, బోరు నీళ్లు బట్టలకు.

తిండి గురించి ఒక్క మాట. ఉగాలి మన సంకటి లాంటిదే, తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు. నలభై మందికి 90 కిలోల బస్తా వారం వచ్చేది కాదు.

అసలు సంగతి పిల్లల ఫైళ్లలో ఉంది. ఒకసారి ప్రభుత్వ చిల్డ్రన్స్ ఆఫీసరుతో కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశాం. సగానికి పైగా పిల్లలకు అమ్మో, మేనత్తో, అమ్మమ్మో ఉన్నారు. గొడవల్లో తప్పిపోయిన వాళ్లు కొందరే, మిగతావాళ్లను తిండికి, యూనిఫాంకు జరగక తెచ్చి వదిలారు. 2003 నుంచి ప్రాథమిక చదువుకు ఫీజు లేదు గానీ, పుస్తకాలు, బూట్లు, పరీక్షల డబ్బు ఎవరో ఒకరు కట్టాలి కదా.

ఎనిమిదేళ్ల కుర్రాడొకడు ఉండేవాడు. నెలలో చివరి ఆదివారం ఆరాధన అవుతుండగానే బయటికి జారుకుని గేటు ఊచలు పట్టుకుని నిలబడేవాడు. వాళ్ల అమ్మమ్మ ఉడికించిన చిలగడదుంపలు గుడ్డలో చుట్టుకుని నడిచి వచ్చేది. వాడు ఒకటి తిని, రెండోది జేబులో పెట్టుకునేవాడు, రాత్రికి. ఆమెకు నెలనెలా పిండి, బడి ఖర్చు ఇస్తే ఎంతవుతుందని లెక్క వేశాను. హోమ్‌లో వాడి పేరున రాసే ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు. మీరు ప్రశ్నలో రాసిన ఆ బైబిలు వాక్యంలోనూ దిక్కులేని పిల్లల పక్కనే విధవరాండ్రు ఉన్నారు, గమనించండి.

వాణ్ని అమ్మమ్మ దగ్గరికి పంపించాం. అందరి విషయం అంత సాఫీగా జరగలేదు. ఒక అమ్మాయిని బాబాయి ఇంటికి పంపితే బడి మాన్పించి పనికి పెట్టారు, రెండు నెలలకే వెనక్కి తెచ్చుకున్నాం. ఆ తర్వాతే ఒక సోషల్ వర్కరును జీతానికి పెట్టుకున్నాం. ఆవిడ బోడా బోడా (అక్కడి బైక్ ట్యాక్సీ) మీద ఇల్లిల్లూ తిరిగేది. పిల్లలు ఇళ్లకు వెళ్లాక గ్రూప్ ఫోటోలో తలలు తగ్గాయి, కానుకలూ తగ్గాయి. మా మీటింగుల్లో టెన్షనంతా దాని గురించే.

మీ దగ్గర డబ్బు ఉంటే, ఇప్పటికే రిజిస్టరై పిల్లల్ని ఇళ్లకు చేర్చే పని చేస్తున్న ఒక హోమ్‌ను వెతికి, సోషల్ వర్కరు జీతం మూడేళ్లకు ఒప్పుకోండి. అంతకుముందు అక్కడి చిల్డ్రన్స్ ఆఫీసరును కలవండి. స్థలానికి అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇంకా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో ముందు అది చెప్పండి.