బొగ్గుపులుసు గాలిలో పులుపెక్కడ?

సందేహం: మా నాన్నగారు కార్బన్ డయాక్సైడ్‌ని 'బొగ్గుపులుసు గాలి' అంటారు. మా అమ్మాయి నవ్వుతోంది. గాలికి పులుపేమిటి? ఆ మాట ఇప్పుడు వాడొచ్చా? చెట్లు ఆ గాలిని 'పీలుస్తాయి' అనడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: మీ నాన్నగారి మాటంటే నాకు చాలా ఇష్టమమ్మా. గోదావరి జిల్లాల్లో పులుసు అనగానే చేపలూ చింతపండూ గుర్తొస్తాయి గానీ, మాటకు మూలం పుల్లదనం. పులుపు, పులియడం, పులిహోర అన్నీ ఒకింటి పిల్లలే. తమిళంలో పుళి, కన్నడంలో హుళి వీటి తోబుట్టువులు. అడవిలో పులికి మాత్రం ఈ చుట్టరికం లేదు. తమిళులు 'ల', 'ళ' తేడాతో పలుకుతారు కాబట్టి వాళ్ల నోట అది తెలిసిపోతుంది.

ఈ గాలిని ఇంగ్లిష్‌లో పూర్వం 'కార్బానిక్ యాసిడ్ గ్యాస్' అనేవారు. మనవాళ్లు కార్బన్‌కు బొగ్గు, యాసిడ్‌కు పులుసు, గ్యాస్‌కు గాలి పెట్టుకున్నారు. లాటిన్‌లో 'కార్బో' అంటే బొగ్గే. కర్బనం అన్నా, సంస్కృతంలో అంగారం అన్నా చివరికి చేరేది బొగ్గుల బస్తా దగ్గరికే. ఇక పులుపు ఉత్తమాట కాదు. ఈ గాలి నీళ్లలో కరిగితే కొద్దిగా ఆమ్లం తయారవుతుంది. గోలీసోడా తాగితే నాలుక చురుక్కుమనేది అందుకే. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లారేసరికి పులిసి పొంగిందంటే, లోపల బుడగలు కట్టిందీ ఈ గాలే.

బొగ్గు ఎక్కడిదంటారా? ఇస్త్రీ పెట్టెలో ఎర్రగా రాజుతున్న కొబ్బరిచిప్ప బొగ్గును చూడండి. ఆ బొగ్గును చెట్టు మన ఒండ్రునేలలోంచి తోడుకోలేదు, ఆకులతో గాలిలోంచి పట్టుకుంది. గాలిలో ఇది ఉన్నది సుమారు 0.04 శాతమే! ఎండ వెలుగులో ఆకు ఈ గాలి అణువులు ఆరింటినీ, నీటి అణువులు ఆరింటినీ కలిపి ఒక గ్లూకోజ్ అణువు చేసుకుని, ఆరు ప్రాణవాయువు అణువులు బయటికి వదులుతుంది. ఆ చక్కెరే చిప్పవుతుంది, పీచవుతుంది, దాళ్వా చేలో గింజవుతుంది. మనం ఆ అన్నం తిని ఊపిరి వదిలినా, పెట్టెలో బొగ్గు కాలి బూడిదైనా మళ్లీ వచ్చేది బొగ్గుపులుసు గాలే.

'పీల్చడం' దగ్గర నాకు పేచీ ఉంది. చెట్టు కూడా మనలాగే రాత్రింబవళ్లు ప్రాణవాయువు తీసుకుని ఈ గాలి వదులుతుంది. అది దాని ఊపిరి. పగలు ఆకు చేసేది వంట. రెంటికీ పీల్చడమే అంటున్నారు కాబట్టే, చెట్టు ఊపిరి పగలొక రకం, రాత్రొక రకం అనే అపోహ పిల్లల్లో పాతుకుపోయింది. వంట సంగతి చెప్పేటప్పుడు 'తీసుకుంటుంది' అనండి, చాలు. శ్వాసక్రియ అన్నా రొమ్ము ఎగసిపడటం కాదు, కణం లోపల చక్కెర నుంచి శక్తి తీసే పని.

పత్రికలవాళ్ల 'కర్బన ఉద్గారాలు' మరీ అన్యాయం. ఉద్గారమంటే త్రేనుపు. పొగ అనో, వదిలే గాలి అనో రాస్తే పొలంగట్టు మీద రైతుకు కూడా అర్థమవుతుంది కదా!

అలాగని కర్బనాన్ని అన్నిచోట్లా బొగ్గనమని పట్టుబట్టను, వజ్రమూ కర్బనమే. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వేరే ఉంది కాబట్టి, పరీక్షలో మీ అమ్మాయి కార్బన్ డయాక్సైడ్ అనే రాయాలి. ఇంట్లో మాత్రం తాతగారి మాటే అనమనండి.