ఆర్నెల్ల కోర్సా, మూడేళ్ల లా డిగ్రీనా?

ప్రశ్న: సార్, మాది పరకాల. చిన్న నెట్ సెంటర్ ఉంది. బిడ్డ హనుమకొండలో బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్. ఎల్ఎల్‌బీ చేసి డేటా ప్రైవసీ వైపు పోతానంటోంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లేమో లా ఎందుకు, ఆర్నెల్లలో డేటా ప్రొటెక్షన్ ఆఫీసర్‌ని చేస్తాం, లక్షా ఇరవై వేలు కట్టండి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ పైసలు మీ దగ్గరే ఉంచుకోండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం ఆ ఆఫీసర్‌ను తప్పకుండా పెట్టుకోవాల్సింది కేంద్రం ప్రత్యేకంగా గుర్తించిన సంస్థలే. ఆ మనిషి కంపెనీ డైరెక్టర్ల బోర్డుకు జవాబు చెప్పాలి. డేటాకు తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. అలాంటి కుర్చీలో ఆర్నెల్ల సర్టిఫికెట్ చూసి ఎవరు కూర్చోబెడతారు?

ఇక ఈ పని ఆమెకు పడుతుందా లేదా అన్నది మీ కౌంటర్ దగ్గరే తేల్చుకోవచ్చు. ఎవరో ఆధార్ వాట్సాప్‌లో పంపారు, ప్రింట్ తీసిచ్చారు. ఫైలు మీ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్‌లో ఏడాదిగా పడి ఉంది. ఇంకొకరి జిరాక్స్ మసకగా వచ్చిందని పారేస్తే అది మిర్చిబజ్జీల బండికి చేరింది. ఈ చట్టం కిందికి ఏది వస్తుంది? అందరూ బజ్జీల పొట్లమే అంటారు. కాదు. ఉత్త కాగితం దీని పరిధిలో లేదు. డిజిటల్ రూపంలో ఉన్న సమాచారమే వస్తుంది. అంటే చిక్కు డౌన్‌లోడ్స్‌తోనే: ఆయన ఇచ్చింది ప్రింట్ కోసం, పని అయిపోయాక ఫైలు చెరిపేయాలి. ఈ తేడా చెప్తుంటే బిడ్డ ఎదురు ప్రశ్నలు వేసిందా, ఫోన్ చూసుకుందా గమనించండి.

ప్రశ్నలు వేస్తే లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ రాయించండి. మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో 45 శాతం చాలు. బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40. సుబేదారిలో కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ ఉండగా మొదటి ఆప్షన్ ఇంకెక్కడో ఎందుకు? బీకాం వృథా అవుతుందనుకోకండి. కంపెనీలో ప్రైవసీ పని సగం చిట్టా రాయడమే: ఏ సమాచారం ఎక్కడ నుంచి వచ్చింది, ఎవరి చేతికి పోయింది, ఎప్పుడు చెరిపారు. పద్దులు రాసిన చేతికి అది కొత్త కాదు.

కాలం కూడా కలిసొస్తుంది. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. 2026లో చేరితే ఆమె 2029లో బయటికొస్తుంది. అప్పటికి కంపెనీలకు తలనొప్పులు మొదలై ఉంటాయి. ఇంకో మాట: మన సమాచారం వాడుకోవడానికి సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు ఇవ్వాలి. వాటిలో తెలుగు ఒకటి. ఇప్పుడు యాప్‌లలో కనిపించే తెలుగు చదివితే మన ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. చట్టం, తెలుగు రెండూ తెలిసినవాళ్లు తక్కువ.

జీతం మాత్రం నేను లెక్క కట్టి చెప్పను. ఈ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్‌లోనే. కోర్టులో సీనియర్ దగ్గర చేరితే మొదటి రెండేళ్లు బస్సు చార్జీలకు మీరే ఇవ్వాల్సి రావచ్చు.

లాసెట్ ఫీజు కట్టేలోగా ఒక పని చెప్పండి. చట్టం మొత్తం 44 సెక్షన్లే, రెండు ఆదివారాల్లో అయిపోతుంది. అందులో సమ్మతి గురించిన ఆరో సెక్షన్‌ను మీ కస్టమర్లకు అర్థమయ్యేలా పది వాక్యాల్లో రాసి కౌంటర్ మీద అంటించమనండి. దాని ఫోటో నాకు పంపండి. డౌన్‌లోడ్స్ మాత్రం ఇవాళే ఖాళీ చేయండి.