సన్‌రూఫ్ అద్దం పగిలింది, చిట్టీ ఎత్తాలా?

ప్రశ్న: మాది హనుమకొండలోని నయీంనగర్. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, నెలకు 68,000 చేతికొస్తాయి. రెండేళ్ల నాలుగు నెలల కింద లోన్ మీద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ తీసుకున్నాం, ఈఎంఐ 21,500. పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కోతులు కొట్లాడుకుంటూ పిట్టగోడ మీది ఇటుక ముక్కను కిందికి తోసేశాయి. అది నేరుగా కారు మీద పడి పనోరమిక్ సన్‌రూఫ్ ముందు అద్దం పొడి పొడి అయింది. షోరూమ్ వాళ్లు 64,400 ఎస్టిమేట్ ఇచ్చారు. ఇన్సూరెన్స్ ఉంది కానీ, పోయిన రెన్యువల్‌లో 3,100 మిగులుతాయని జీరో డెప్ (భాగాల ధరలో తరుగుదల కోయకుండా ఇచ్చే కవర్) తీసేయించాను. 'జీరో డెప్ లేకపోతే సగం కూడా రాదు, పైగా నో క్లెయిమ్ బోనస్ అని ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు మొత్తం పోతుంది' అని కొలీగ్స్ అంటున్నారు. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం 2 లక్షల చిట్టీ వేస్తున్నాను. నెలకు 10,000 చొప్పున 20 నెలలు, ఇది ఎనిమిదో నెల. అది ఎత్తి కట్టేద్దామా అనుకుంటున్నా. మా ఆవిడ గొలుసు కుదువ పెడదాం అంటోంది. సేవింగ్స్‌లో 1,10,000 ఉన్నాయి గానీ అత్యవసర నిధి ముట్టుకోవద్దని మీరే చెప్తుంటారు కదా. ఏం చేయమంటారు?

జవాబు: ముందు చిట్టీ పాటకు పోవడం ఆపండి. గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి. మీ కొలీగ్స్ చెప్పిన మాటలో అసలు ముక్కే తప్పు. కారు అద్దానికి తరుగుదల లేదు. జీరో డెప్ ఉన్నా, లేకున్నా లేదు.

మీ పాలసీ పీడీఎఫ్‌లో తరుగుదల పట్టిక ఒకటి ఉంటుంది. మొదటి పేజీ ప్రీమియం లెక్క చూసి మూసేస్తాం కాబట్టి అక్కడిదాకా ఎవరమూ పోము. ఇవాళ రాత్రి దాన్ని ఒకసారి తెరవండి. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్యాటరీలు, ఎయిర్‌బ్యాగ్‌లకు 50 శాతం కోత. ఫైబర్ గ్లాస్ భాగాలకు 30 శాతం. గాజుతో చేసిన భాగాలన్నిటికీ సున్నా. ఫైబర్ గ్లాస్ అంటే అద్దం కాదు, అది వేరే పదార్థం. ఆ రెండు పేర్లు కలిపేసుకుని అద్దానికి 30 శాతం పోతుందని భయపడేవాళ్లు చాలామంది నా దగ్గరికి వస్తుంటారు. మిగతా రేకు, ఇనుప భాగాలకు కారు వయసును బట్టి కోత ఉంటుంది. రెండేళ్లు దాటి మూడేళ్లలోపున్న మీ కారుకు అది 15 శాతం.

ఇప్పుడు మీ ఎస్టిమేట్ ముందు పెట్టుకుందాం. జీఎస్టీతో కలిపి అద్దం 47,200. చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్, ప్లాస్టిక్ క్లిప్పులు 6,400. అంటించే గమ్, ప్రైమర్ లాంటివి 3,800. కూలీ 7,000. ఇందులో అద్దం మొత్తం వస్తుంది. బీడింగ్, క్లిప్పులకు సగం, అంటే 3,200 వస్తుంది. గమ్ లాంటివి కన్స్యూమబుల్స్, అంటే వాడితే అయిపోయే వస్తువుల కిందికి పోతాయి. వాటికి విడిగా తీసుకునే యాడ్ ఆన్ కవర్ మీ పాలసీలో లేదు కాబట్టి ఆ 3,800 మీవే అనుకోండి. కూలీ వస్తుంది. చివర్లో తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సింది, మీ పాలసీలో 2,000 అని ఉంది, అది తీసేస్తారు. అన్నీ పోను కంపెనీ ఇవ్వాల్సింది 55,400. మీ జేబులోంచి పోయేది 9,000.

సగం కూడా రాదన్న చోట 86 శాతం వస్తోంది.

ఇక బోనస్ సంగతి. ఇది నిజంగానే పోతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పను. క్లెయిమ్ లేకుండా గడిచిన ఏళ్లను బట్టి నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. మీరు ఇప్పుడు 25 మీద ఉన్నారు. వచ్చే రెన్యువల్‌కు 35 కావాల్సింది, క్లెయిమ్ చేస్తే సున్నా అవుతుంది. ఆ తర్వాత మళ్లీ 20 నుంచి మొదలు. క్లెయిమ్ లేకపోతే 35, 45, 50, 50, 50. క్లెయిమ్ చేస్తే 0, 20, 25, 35, 45. ఏడాదికేడాది తేడా 35, 25, 25, 15, 5. అన్నీ కలిపితే 105 శాతం. ఆరో ఏడు రెండూ 50 దగ్గర కలిసిపోతాయి.

ఈ 105 శాతం దేని మీద? మీరు కట్టే మొత్తం ప్రీమియం మీద కాదు, ఓన్ డ్యామేజ్ ప్రీమియం, అంటే మన కారు నష్టం కోసం కట్టే భాగం మీద మాత్రమే. ఎదుటివాళ్ల నష్టం కోసం కట్టే థర్డ్ పార్టీ భాగానికి బోనస్‌తో సంబంధం లేదు. మీ పాలసీలో బోనస్ తీసేయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 16,000 ఉంది. ఏటా అంతే ఉంటుందనుకున్నా, నష్టం 16,800, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 19,800 చిల్లర. కారు పాతబడే కొద్దీ ఐడీవీ, అంటే పాలసీలో రాసే కారు విలువ తగ్గుతుంది, దానితో ఈ ప్రీమియమూ సాధారణంగా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంకొంచెం తక్కువే ఉండొచ్చు. అదీ ఐదేళ్ల మీద కొంచెం కొంచెంగా పోయేది. దానికి ఎదురుగా ఇప్పుడు చేతికి వచ్చేది 55,400. తేడా 35,000 పైనే. మీ రెండు నెలల ఇంటి ఖర్చు అంత ఉంటుందేమో. ఇంత డబ్బు వదులుకుని బోనస్‌ను కాపాడుకోవడంలో నాకైతే అర్థం కనిపించడం లేదు.

ఇదే ఎస్టిమేట్ 18,000 అయ్యుంటే నా సలహా వేరేగా ఉండేది. అప్పుడు సొంతంగా కట్టేసి బోనస్ ఉంచుకోమనేవాడిని. కొన్ని కంపెనీలు అద్దం ఒక్కటే మారిస్తే బోనస్ తగ్గించవు, మీ పాలసీలో అలాంటి వెసులుబాటు ఉందేమో కస్టమర్ కేర్‌ను మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట రెన్యువల్ నాటికి ఎవరికీ గుర్తుండదు.

చిట్టీ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. మన దగ్గర చిట్టీ లేని ఇల్లు తక్కువ, నేనూ వేస్తాను. కానీ ఏ అవసరానికి వేశామో దానికే ఎత్తాలి. మీరు పంపిన పాస్‌బుక్ పేజీలో పోయిన నెల పాట 38,000 దాకా పోయింది. ఇప్పుడు ఎత్తితే చేతికి 1,62,000 వస్తాయి. చివరిదాకా ఆగితే 5 శాతం కమిషన్ 10,000 పోను 1,90,000 వస్తాయి. అంటే ఇప్పుడు ఎత్తడానికి మీరు ఇచ్చే ధర 28,000. 64,000 అవసరానికి 1,62,000 ఎత్తి, మిగతా లక్ష చేతిలో పెట్టుకుంటే అది ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పైగా ఎత్తినవాళ్లు ష్యూరిటీలు ఇవ్వాలి. కాలేజీలో మళ్లీ ఇద్దరిని బతిమాలాలి. అమ్మాయి ఫీజు కట్టే నాటికి ఆ చిట్టీ ఉండదు, దాని వాయిదాలు మాత్రం ఉంటాయి.

9,000 సేవింగ్స్‌లోంచి తీయండి. అత్యవసర నిధి ముట్టుకోవద్దని నేను చెప్పేది టీవీ కొనడానికి, టూర్‌కు. పైకప్పు లేని కారు అత్యవసరమే. రెండు, మూడు నెలల్లో మళ్లీ నింపేయవచ్చు. ఒక్క చిక్కుంది. మీ షోరూమ్ బాడీషాప్ మీ ఇన్సూరెన్స్ కంపెనీ క్యాష్‌లెస్ జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు 64,400 మీరు కట్టి, తర్వాత తెప్పించుకోవాలి. అప్పుడు ఆ 1,10,000 అసలు పనికి వస్తుంది. వరంగల్‌లో క్యాష్‌లెస్ కుదరక హైదరాబాద్ పోవాల్సి వస్తే కారును నడుపుకుంటూ పోవద్దు. సుమారు 145 కిలోమీటర్ల హైవే మీద పైన ప్లాస్టిక్ కవర్ కట్టుకుని పోతే జనగామ కూడా దాటకముందే ఊడిపోతుంది. పాలసీలో టోయింగ్ ఎంతవరకు ఇస్తారో చూసి దానిమీద పంపించండి.

క్లెయిమ్ ఫారంలో జరిగింది జరిగినట్టే రాయండి. 'కోతులంటే ఒప్పుకోరు, లారీ నుంచి రాయి పడిందని రాయి' అని మీకు ఎవరో చెప్పారట. అది వినకండి. బయటి నుంచి వచ్చిన వస్తువు వల్ల ప్రమాదవశాత్తు జరిగిన నష్టానికి పాలసీలోనే చోటుంది. వడగళ్లు, గాలివాన, పిడుగు, వరద కూడా అందులోవే. నిజం చెప్పినా వచ్చే డబ్బుకు అబద్ధం చెప్తే, ఇటుక పొడి అంటుకున్న రూఫ్ చూసి, నష్టం లెక్కకట్టడానికి వచ్చే సర్వేయర్ ఒక ప్రశ్న వేసేసరికి మొత్తం క్లెయిమ్ పోతుంది. ఘటన జరిగి వారం దాటుతోంది, ఇంకా చెప్పలేదు కదా, ఇవాళే చెప్పండి. సరైన కారణం ఉంటే ఆలస్యం ఒక్కటే సాకుగా క్లెయిమ్ తిరస్కరించవద్దని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ 2011లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఎస్టిమేట్ కోసం తిరిగామని ఉన్నదున్నట్టు రెండు లైన్లు రాయండి చాలు.

సర్వే కాకముందు అద్దం విప్పనివ్వద్దు. 2019లో నాకే జరిగింది. టిప్పర్ నుంచి కంకర రాయి పడి విండ్‌షీల్డ్ (డ్రైవర్ ఎదురుగా ఉండే అద్దం) పగిలితే, మేకానిక్ 'రేపటికి ఇచ్చేస్తాను, సర్వే నేను చూసుకుంటా' అన్నాడు. ఆ మాట నమ్మి పాత అద్దం తీయించాను. సర్వేయర్ వచ్చేసరికి చూపించడానికి ఏమీ లేదు. 11,000 చేతి నుంచి పోయాయి.

మీరు పంపిన ఫొటోల్లో మూడోది జూమ్ చేసి చూశాను. అద్దం ముక్కలు కింది షేడ్ గుడ్డ మీద పటిక బెల్లం పలుకుల్లా పరుచుకుని ఉన్నాయి. అలా పలుకులుగా పగిలిందంటే అది టెంపర్డ్ గ్లాస్, దాన్ని అతికించడం ఉండదు, మార్చాల్సిందే. ఆ పలుకులు పట్టాల్లో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి సన్‌రూఫ్ బటన్ నొక్కకండి, మోటార్, పట్టాలు కూడా పాడైతే ఖర్చు రెట్టింపవుతుంది. అదే ఫొటోలో ఎడమ పక్క రూఫ్ రైల్ దగ్గర వేలెడంత సొట్ట, పెయింట్ లేచిన గీత కనిపిస్తున్నాయి. ఇది ఎస్టిమేట్‌లో లేదు. అదే ఇటుక వల్ల అయింది కాబట్టి ఇదే క్లెయిమ్‌లో రావాలి. రేకుకు 15 శాతం, పెయింట్ మెటీరియల్‌కు 50 శాతం కోసినా మిగతాది వస్తుంది. ఇప్పుడు వదిలేస్తే తర్వాత దానికి వేరే క్లెయిమ్, వేరే మినహాయింపు.

కారును టార్పాలిన్‌తో కప్పి నీడకు పెట్టండి. ఒక్క వాన లోపలికి కురిస్తే సీట్ల కింద, కార్పెట్ కింద ఉన్న వైరింగ్ కనెక్టర్లు తడుస్తాయి. జాగ్రత్త తీసుకోనందువల్ల పెరిగిన నష్టమని కంపెనీ ఆ ఖర్చు కాదనవచ్చు. అద్దం వేశాక డెలివరీ రోజు తొందరపడొద్దు. పైపుతో పది నిమిషాలు నీళ్లు కొట్టించి లోపల చేత్తో తడిమి చూడండి. సన్‌రూఫ్ మూలల్లో నీళ్లు కిందికి పోయే సన్నని ట్యూబులు ఉంటాయి, వాటిలో అద్దం పలుకులు మిగిలితే వానాకాలంలో నీళ్లు కాళ్ల దగ్గర కారతాయి. అద్దం మూసుకునేటప్పుడు మధ్యలో చెయ్యి అడ్డొస్తే ఆగి వెనక్కి పోయే సేఫ్టీని మళ్లీ సెట్ చేశారో లేదో అడగండి, ఇంట్లో పిల్లలున్నారు కదా. హంటర్ రోడ్‌లో ఒకతను 30,000కు వేస్తానన్నాడన్నారు. విండ్‌షీల్డ్ అయితే ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 నంబరు చూసుకుని వేయించుకోవచ్చు అనేవాడిని. తెరుచుకునే సన్‌రూఫ్‌కు మాత్రం, అదీ వారంటీలో ఉన్న కారుకు, వద్దు. క్లెయిమ్‌లో మీ వాటా ఎలాగూ 9,000 దగ్గరే ఉంటుంది.

రెన్యువల్ ఎనిమిది నెలల్లో ఉంది. అప్పుడు 3,100 పెట్టి జీరో డెప్ మళ్లీ తీసుకోండి. అద్దం కోసం కాదు. పట్టికలో బ్యాటరీలకు 50 శాతం కోత అని చూశాం కదా. పెట్రోల్ కారులో బ్యాటరీ అంటే కొన్ని వేలు. మీ కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే. కారును నడిపించే ఆ పెద్ద బ్యాటరీకి కోత లేకుండా కవర్ అవుతుందా అని కంపెనీని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఆ కవర్ తీసేయించడం గురించి మిమ్మల్ని తప్పు పట్టను, 3,100 మిగులుతాయంటే ఎవరైనా ఆలోచిస్తారు. కానీ బంపర్ నుంచి హెడ్‌లైట్ దాకా సగం ప్లాస్టిక్ ఉన్న కారుకు, ఐదేళ్లు నిండేదాకా ఆ డబ్బు నేనైతే మిగుల్చుకోను.

క్లెయిమ్‌లో అద్దానికి ఎవరైనా కోత పెడితే పట్టికలోని ఆ లైన్ ఫొటో జతచేసి కంపెనీ గ్రీవెన్స్ మెయిల్‌కు రాయండి. నెల రోజుల్లో సరైన జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు ఉండదు, వకీలు అక్కర్లేదు.

ఇప్పటికి ఒక పని చేయండి. ఆ సొట్ట పక్కన రూపాయి బిళ్ల పెట్టి, పగటి వెలుతురులో దగ్గర నుంచి ఒక ఫొటో, కొంచెం దూరం నుంచి నంబరు ప్లేటు కనిపించేలా ఇంకొకటి తీయండి. క్లెయిమ్ నంబరు వచ్చాక, సొట్ట కూడా కలిపి షోరూమ్ ఇచ్చే కొత్త ఎస్టిమేట్ నాకు పంపండి. ఏ లైన్‌లో ఎంత రావాలో రాసి పంపుతాను, సర్వేయర్‌తో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉంటుంది.